ఇంట్లో కట్టుకున్న ఇన్వర్టర్‌లో వోల్టేజ్ సెన్సింగ్ తప్పు చూపిస్తుంటే ఎక్కడ పోయిందో ఎలా పట్టుకోవాలి

బ్యాటరీ నిండా ఛార్జ్ ఉంది, అయినా ఫ్యాను వేయగానే లో బ్యాటరీ బీప్ కొట్టి ఇన్వర్టర్ కట్ అయిపోతుంది. లేదంటే డిస్‌ప్లేలో 13.4 చూపిస్తుంటది, మీటర్ పెడితే బ్యాటరీ 12.6 మాత్రమే ఉంటది. ఇంకో రకం ఏంటంటే అవుట్‌పుట్ ఒక్కసారి 260కి ఎగిరి రెండు మూడు సెకన్లలో మొత్తం ఆగిపోయి బోర్డు మీద ఎల్ఈడీ బ్లింక్ కొడుతూ కూర్చుంటది. ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని కోఠీ గుజరాతీ గల్లీకో ఆన్‌లైన్‌కో పోయి కొత్త బోర్డు తెచ్చి వేయడం, అది వేసినా మళ్లీ అదే కథ, ఎందుకంటే పోయింది బోర్డు కాదు కాబట్టి.

సెన్సింగ్ సర్క్యూట్ అంటే ఒక గొలుసు అనుకోండి. ఒక చివర అసలు వోల్టేజ్ ఉంటది, అక్కణ్ణించి వైరు, లగ్గు (వైరు చివర బిగించే మెటల్ కొస), రెసిస్టర్లు, ప్రీసెట్ (స్క్రూ తిప్పి విలువ మార్చే రెసిస్టర్), కెపాసిటర్ దాటుకుని చిప్ కాలు దాకా వస్తది, చిప్ దాన్ని తన రిఫరెన్స్‌తో (కొలతకి ఆధారంగా పెట్టుకున్న స్థిరమైన వోల్టేజ్) పోల్చుకుని ఒక అంకె తేల్చుకుంటది. కాబట్టి మీరు కొలవాల్సినవి మూడే: అసలు చోట ఎంతుంది, చిప్ కాలు దగ్గర ఎంతుంది, చిప్ ఎంత అనుకుంటోంది. ఈ మూడూ కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే లెక్క ఎక్కడ తేడా కొట్టిందో అక్కడే దొరుకుద్ది. పార్టులు పీకడం ఆ తర్వాత.

నేను ఇక్కడ ఉదాహరణకి తీసుకుంటున్నది మన దగ్గర ఎక్కువమంది కట్టుకునే రకం. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, ఈజీఎస్002 సైన్ వేవ్ డ్రైవర్ బోర్డు, ఐఆర్ఎఫ్3205 మాస్‌ఫెట్ల (కరెంటుని స్విచ్ లాగా వేసి తీసే పార్టులు) బ్రిడ్జి, ఇనుప కోర్ ట్రాన్స్‌ఫార్మర్, బ్యాటరీ చూసుకోవడానికి, లో కట్ చేయడానికి ఒక ఆర్డుయినో నానో (ప్రోగ్రాం రాసుకునే చిన్న కంట్రోల్ బోర్డు). అంటే ఇందులో సెన్సింగ్ రెండు చోట్ల ఉంది, బ్యాటరీ వైపు డీసీది ఒకటి, 230 వైపు ఏసీది ఒకటి. మీది ఎస్‌జీ3525 డ్రైవర్ చిప్‌తో కట్టినదైనా పద్ధతి ఇదే, దాని కాళ్ల గురించి కింద చెప్తాను.

ముందు జాగ్రత్తలు, ఇవి దాటేయొద్దు

చేతికి ఉంగరం, కడియం, మెటల్ వాచీ ఉంటే తీసేయండి. 150 ఏహెచ్ బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య స్పానర్ పడితే వెయ్యి ఆంపియర్లకి పైనే పారుద్ది, స్పానర్ అక్కడే వెల్డ్ అయిపోతది. బ్యాటరీ ప్లస్ దగ్గర ఫ్యూజ్ లేకపోతే ఇంకేం పని చేయకుండా ముందు అది పెట్టండి. ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ పక్కన నిప్పురవ్వ రాకూడదు, హైడ్రోజన్ వస్తుంటది. టెస్ట్ చేసేటప్పుడు ఇన్వర్టర్ అవుట్‌పుట్ ఇంటి వైరింగ్ నుంచి పూర్తిగా విడిగా ఉండాలి, ఎంసీబీ దించితే చాలదు, వైర్లు తీసేయండి. అవుట్‌పుట్‌కి ఒక 60 వాట్ల ఫిలమెంట్ బల్బు లోడుగా పెట్టుకోండి, అది వెలుగు చూపించే మీటర్ లాగా కూడా పనికొస్తది.

ఇంకోటి, చాలా ముఖ్యం. కొంతమంది ఏసీ ఫీడ్‌బ్యాక్‌కి (అవుట్‌పుట్ ఎంతుందో బోర్డుకి తిరిగి చెప్పే దారి) చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వాడకుండా 230 నుంచి నేరుగా రెసిస్టర్లతో దించి బోర్డుకి ఇస్తారు. అలా కట్టి ఉంటే మీ బ్యాటరీ నెగటివ్, కంట్రోల్ బోర్డు గ్రౌండ్ అన్నీ 230 వైపుకి కలిసిపోయినట్టే, బ్యాటరీ టెర్మినల్ ముట్టుకున్నా షాక్ కొట్టొచ్చు. ఆన్‌లో ఉండగా దాని యూఎస్‌బీకి ల్యాప్‌టాప్ పెట్టొద్దు, ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్ అసలే తగిలించొద్దు. వీలైతే రిపేరుతో పాటు దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతికి మార్చేయండి.

అసలు తప్పు సెన్సర్‌దేనా

లోడు వేసి, మీటర్ ప్రోబులు నేరుగా బ్యాటరీ సీసం పోస్టుల మీద గుచ్చి కొలవండి. లగ్గు మీద కాదు, వైరు మీద కాదు, పోస్టు మీదే. ఇక్కడే 10.6, 10.5 అని పడిపోతుంటే మీ సెన్సర్ నిజమే చెప్తోంది, బ్యాటరీ పోయింది లేదా ఛార్జ్ ఎక్కలేదు, ఇక ఈ పేజీతో పని లేదు. లోడు మీద 11.8, 12 ఉండి ఇన్వర్టర్ మాత్రం లో బ్యాటరీ అంటే అప్పుడు ముందుకి రండి.

కట్ అవడం, వెంటనే ఆన్ అవడం, మళ్లీ కట్ అవడం, రిలే టక్‌టక్‌మని కొట్టుకోవడం ఉంటే అది కూడా చాలాసార్లు సెన్సర్ పోయినట్టు కాదు. లోడు తీయగానే బ్యాటరీ వోల్టేజ్ దానంతట అదే 11.8 దాకా లేస్తది, మీ ప్రోగ్రాంలో 10.5 కంటే ఎక్కువుంటే ఆన్ అని ఒక్కటే రాసి ఉంటే ఇలాగే ఆడుద్ది. 10.5 దగ్గర కట్ చేసి, 12.5 దాటితేనే మళ్లీ ఆన్ అయ్యేలా రెండు అంకెలు పెట్టండి. కంపారేటర్‌తో (రెండు వోల్టేజీలు పోల్చే చిప్) కట్టినవాళ్లు అవుట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కి ఒక పెద్ద రెసిస్టర్ వేసి ఈ గ్యాప్ తెచ్చుకోవాలి.

మీటర్ గురించి కూడా ఒక మాట. మామూలు చవక మీటర్ ఏసీ రేంజ్‌లో సైన్ వేవ్‌కి మాత్రమే సరిగ్గా చూపిస్తది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అవుట్‌పుట్ నిజంగా 230 ఉంటే అది 255 అని చూపిస్తది. అదే మాడిఫైడ్ సైన్ వేవ్, పీక్ 325, సగం టైం ఆన్ సగం ఆఫ్ ఉంటే నిజానికి అదీ 230యే కానీ మీటర్ 180 అంటది. అది చూసి ప్రీసెట్ తిప్పేస్తే అప్పటిదాకా బాగున్న సెట్టింగ్ పాడవుద్ది. ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్ (ఏ ఆకారం వేవ్‌కైనా సరిగ్గా చూపించేది) ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి, దొరక్కపోతే అవుట్‌పుట్ బల్బుని ఇంటి కరెంటు మీద వెలిగే అదే వాట్ల బల్బు పక్కన పెట్టి వెలుగు పోల్చుకోండి.

బ్యాటరీ వైపు సెన్సింగ్

బ్యాటరీ తీసేసి, బోర్డులో ఛార్జ్ పోయేదాకా ఆగి, ముందు కళ్లతో చూడండి. మంచి వెలుతురులో, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి సోల్డర్లు చూస్తే, డ్రై సోల్డర్ (సరిగ్గా అతకని సోల్డర్) ఉన్నచోట కాలు చుట్టూ సన్నటి నల్లటి గీత ఉంగరం లాగా కనిపిస్తది. పుల్లతో ఆ కాలు కాస్త నొక్కితే కదులుద్ది. జీరో పీసీబీ (రంధ్రాలు మాత్రమే ఉండే మామూలు బోర్డు) మీద కట్టినవాళ్లకి ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ హమ్మింగ్‌కి పెట్టె మొత్తం అదురుతూనే ఉంటది. చీమలు, బల్లి రెట్టలు, మిగిలిపోయిన ఫ్లక్స్, ఇవన్నీ రెండు ట్రాకుల మధ్య లీకేజీ తెస్తాయి, వైజాగ్ కాకినాడ వైపు సముద్రపు తేమ తోడైతే ఇంకా ఎక్కువ. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఉంటే దానితో, లేకపోతే థిన్నర్‌తో జాగ్రత్తగా, పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్ది పూర్తిగా ఆరబెట్టండి. మబ్బు పట్టిన రోజే తేడా చూపించే సర్క్యూట్లు చాలావరకు ఈ కడుగుడుతోనే దారికొస్తాయి.

ఆ తర్వాత రెసిస్టర్లు. మన ఉదాహరణలో పైన 33కె (33 వేల ఓంలు), కింద 10కె, మధ్య నుంచి నానో అనలాగ్ కాలుకి. బోర్డులో ఉండగా కొలిస్తే పక్క సర్క్యూట్ కలిసి తప్పు చూపిస్తది కాబట్టి ప్రతి రెసిస్టర్‌దీ ఒక కాలు లేపి కొలవండి. 33కెకి రంగులు ఆరెంజ్ ఆరెంజ్ ఆరెంజ్, 3.3కెకి చివరి ఉంగరం ఎరుపు, వేడికి నలిగిన పాత రెసిస్టర్‌లో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి, రంగు నమ్మొద్దు మీటర్‌నే నమ్మండి. 33కె బదులు 3.3కె పడితే నానో కాలు మీదకి 9 వోల్టులకి పైగా వస్తది, నానో పోతది. కార్బన్ రెసిస్టర్ ఏళ్ల తరబడి హీట్‌సింక్ పక్కన ఉంటే విలువ మెల్లగా పెరుగుతుంటది, 33కె కాస్తా 36కె అయిందనుకోండి, 12.6 ఉన్న బ్యాటరీని 11.8 అని చూపిస్తది. ఇక్కడ పావలా మిగుల్చుకోవద్దు, 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లే వేయండి.

ఇప్పుడు నానోని సాకెట్ నుంచి తీసేసి, బ్యాటరీ బదులు ఒక అడ్జస్టబుల్ డీసీ సప్లై ఇవ్వండి. ల్యాబ్ సప్లై లేకపోతే పాత 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్, ఎల్ఎం2596 మాడ్యూల్ కలిపితే 10 నుంచి 15 దాకా తిప్పుకోవచ్చు. పవర్ సైడు మాస్‌ఫెట్లకి సప్లై పోకూడదు, సెన్సింగ్ వైరుకి మాత్రమే. నానో కాలు వచ్చే రంధ్రం దగ్గర కొలిస్తే ఇవి రావాలి: 10.5 ఇస్తే 2.44, 12.6 ఇస్తే 2.93, 14.4 ఇస్తే 3.35. ఇవి సరిగ్గా వస్తే డివైడర్ (వోల్టేజ్ దించే ఆ రెండు రెసిస్టర్ల జత) బాగుంది, అటు వైపు మళ్లీ చూడనక్కర్లేదు.

ఇప్పుడు నానో పెట్టి, ప్రోగ్రాంలో వోల్టులుగా మార్చిన అంకె కాకుండా అనలాగ్‌రీడ్ ఇచ్చే పచ్చి అంకెని సీరియల్‌లోనో డిస్‌ప్లేలోనో చూడండి. సరిగ్గా 5 వోల్టుల రిఫరెన్స్ ఉంటే 10.5కి 500, 12.6కి 600, 14.4కి 686 దగ్గర రావాలి. 10.5, 11, 12, 13, 14.4, 15 ఇలా ఒక్కో మెట్టు పెంచుతూ ఇచ్చింది ఎంత, నానో అనుకున్నది ఎంత రాసుకోండి. ఈ పని విసుగ్గానే ఉంటది కానీ మొత్తం రిపేరులో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, ఎందుకంటే తప్పు ఏ రకంగా ఉందో చూస్తే పార్టు పేరు దాదాపు తెలిసిపోతది.

ఎక్కడ చూసినా ఒకే శాతం తేడా, అంటే 10.5కి 11.0, 12కి 12.6, 14.4కి 15.1 ఇలా వస్తుంటే అది రెసిస్టర్ విలువో రిఫరెన్సో. ఎక్కడ చూసినా ఒకే వోల్టు తేడా, అంటే అన్నిచోట్లా 0.4 తక్కువ, అలా ఉంటే గ్రౌండ్‌దో, మధ్యలో ఆప్‌ఆంప్ (సిగ్నల్ పెంచే చిప్) ఉంటే దాని ఆఫ్‌సెట్‌దో. కింద సరిగ్గా ఉండి 13 దాటాక అంకె పెరగడం మానేస్తే పైన ఏదో అడ్డం పడుతోంది, చాలావరకు కాలుకి రక్షణగా వేసిన 5.1 జీనర్ డయోడ్ (వోల్టేజ్ హద్దు దాటకుండా ఆపేది), అది 5.1 దాకా ఆగదు, 4 వోల్టుల ముందు నుంచే కొద్దికొద్దిగా కరెంటు తాగుద్ది, డివైడర్‌లో పెద్ద రెసిస్టర్లు, అంటే 330కె 100కె లాంటివి వాడినవాళ్లకి ఆ కాస్త కరెంటుకే రీడింగ్ వంగిపోతది. జీనర్ ఒక కాలు లేపి మళ్లీ కొలిస్తే తేలిపోతది. దాని బదులు కాలుకి సిరీస్‌లో 1కె, అక్కణ్ణించి 5 వోల్టుల లైనుకి ఒక 1ఎన్4148 డయోడ్ వేసుకోవచ్చు.

పెద్ద రెసిస్టర్లు వాడినవాళ్లకి ఇంకో రెండు మాటలు. చవక పసుపు మీటర్లు, 830 రకంవి, వాటి లోపలి రెసిస్టెన్స్ 1 మెగా ఓమే. 330కె, 100కె డివైడర్ మధ్యలో దాన్ని పెడితే మీటరే వోల్టేజ్‌ని 7 శాతం దాకా లాగేస్తది, సర్క్యూట్ బాగున్నా బాగోలేదనిపిస్తది. 10 మెగా ఓం మీటర్‌తో చూడండి. అలాగే నానో ఏడీసీకి (వోల్టేజ్‌ని అంకెగా మార్చే భాగం) 10కె లోపు సోర్స్ ఇష్టం, అంతకంటే పెద్దదైతే కాలుకి గ్రౌండ్‌కి మధ్య 0.1 మైక్రోఫారడ్ తప్పనిసరిగా ఉండాలి.

రిఫరెన్స్

ఏడీసీ దేన్నైనా తన రిఫరెన్స్‌తో పోల్చి చెప్తది, రిఫరెన్స్ మారితే కొలత మొత్తం మారుద్ది. మామూలుగా నానోలో రిఫరెన్స్ అంటే దాని 5 వోల్టుల లైనే. యూఎస్‌బీ మీద నడిపేటప్పుడు లోపల ఒక డయోడ్ ఉండటం వల్ల ఆ 5 కాస్తా 4.6, 4.7 అవుద్ది. 7805 (5 వోల్టుల రెగ్యులేటర్ చిప్) మీద క్యాలిబ్రేట్ చేసుకుని తర్వాత యూఎస్‌బీ మీద నడిపితే అంకెలు కుదరవు, మొదట్లో చెప్పిన 12.6ని 13.4గా చూపించే కేసు అచ్చంగా ఇదే, ల్యాప్‌టాప్‌కి పెట్టి క్యాలిబ్రేట్ చేసి 7805 మీద నడిపితే తిరగబడి తక్కువ చూపిస్తది. మీటర్ ఒక ప్రోబు నానో గ్రౌండ్ మీద, ఇంకోటి 5 వోల్టుల కాలు మీద పెట్టి, లోడు వేస్తూ తీస్తూ చూడండి, రిలే పడినప్పుడు ఆ 5 ఊగితే రిలేకి వేరే సప్లై ఇవ్వండి. ప్రోగ్రాంలో లోపలి 1.1 వోల్టుల రిఫరెన్స్ వాడుకుంటే ఈ గొడవే ఉండదు, కాకపోతే అది చిప్‌కి చిప్‌కి 1.0 నుంచి 1.2 దాకా తేడా ఉంటది కాబట్టి మీ నానోలో ఎంతుందో ఒకసారి కొలిచి రాసుకోవాలి, డివైడర్ కూడా దానికి తగ్గట్టు మార్చుకోవాలి.

ఎల్ఎం358 లేదా ఎల్ఎం393 కంపారేటర్‌తో లో కట్ కట్టినవాళ్లు రిఫరెన్స్ జీనర్ ఎక్కడుందో చూడండి. హీట్‌సింక్ పక్కనే ఉంటే వేడికి దాని వోల్టేజ్ కదులుద్ది, పొద్దున బాగా పని చేసి మే నెల మధ్యాహ్నం తిక్కగా కట్ అవుద్ది. దాని బదులు టీఎల్431 రిఫరెన్స్ చిప్ వేయండి, 2.495 దగ్గర గట్టిగా నిలబడుద్ది, ఖరీదు కూడా ఏమీ ఉండదు.

వైర్లు, లగ్గులు, గ్రౌండ్

బెంచ్ మీద అన్నీ సరిగ్గా వచ్చి, లోడు మీద మాత్రమే తప్పు వస్తే తొంభై పాళ్లు ఇక్కడే ఉంటది. 600 వాట్ల లోడు వేస్తే 12 వోల్టుల బ్యాటరీ నుంచి దగ్గర దగ్గర 60 ఆంపియర్లు లాగుద్ది. ఒక లగ్గు సరిగ్గా క్రింప్ అవ్వక 5 మిల్లీ ఓం వచ్చిందనుకోండి, అది ఏ మామూలు మీటర్‌లోనూ కనపడదు, కానీ 60 ఆంపియర్ల దగ్గర అక్కడే 0.3 వోల్టు పోతది, 18 వాట్ల వేడి పుడుద్ది. సెన్సింగ్ వైరు ఆ లగ్గు తర్వాత నుంచి తీసి ఉంటే నానోకి బ్యాటరీ 0.3 తక్కువగా కనపడుద్ది. ప్లస్ వైపు ఒకటి, మైనస్ వైపు ఒకటి, ఫ్యూజ్ హోల్డర్ దగ్గర ఇంకొకటి కలిస్తే ముప్పావు వోల్టు ఇట్టే పోతది, 11.2 ఉన్న బ్యాటరీకి 10.5 కట్ కొట్టేస్తది.

ఓం రేంజ్‌లో వెతకొద్దు, లోడు ఆన్‌లో పెట్టి మిల్లీవోల్టు రేంజ్‌లో వెతకండి. ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ పోస్టు మీద ఉంచేసి, రెండోది వరుసగా మైనస్ లగ్గు మీద, వైరు అవతలి చివర, మాస్‌ఫెట్ సోర్స్ బోల్టు మీద, చివరికి నానో గ్రౌండ్ కాలు మీద పెట్టుకుంటూ పోండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగిరిందో ఆ జాయింటే దొంగ. నానో గ్రౌండ్ దగ్గర 20, 30 మిల్లీవోల్టులు ఉంటే పర్లేదు, 200 దాటితే వైరింగ్ మార్చాల్సిందే. ప్లస్ వైపు కూడా ఇలాగే పోస్టు నుంచి మొదలుపెట్టండి. వైరుని లగ్గులోకి తోసి సుత్తితో కొట్టినవి, తెల్లటి పొడి పట్టిన టెర్మినళ్లు, సన్నటి ఫ్యూజ్ హోల్డర్లు, ఇవే ఎక్కువసార్లు దొరికేవి. పొడిని వేడి నీళ్లు వంట సోడా కలిపి కడిగి, తుడిచి, బిగించి, పైన వ్యాసిలిన్ రాయండి.

శాశ్వతంగా పోవాలంటే సెన్సింగ్‌కి రెండు సన్నటి వైర్లు విడిగా బ్యాటరీ పోస్టుల నుంచే లాగండి, ప్లస్ వైరుకి బ్యాటరీ దగ్గరే ఒక అర ఆంపియర్ ఫ్యూజ్ వేసి. కానీ గ్రౌండ్ విషయంలో జాగ్రత్త, నానో గ్రౌండ్ సన్న వైరుతో బ్యాటరీకి, మళ్లీ మాస్‌ఫెట్ బోర్డు ద్వారా ఇంకో దారిలో బ్యాటరీకి కలిస్తే, పెద్ద మైనస్ వైరు ఎప్పుడైనా లూజైన రోజు మొత్తం కరెంటు ఆ సన్న వైరులోంచి పోవాలని చూస్తది, అది కాలిపోతది. అందుకని మైనస్ సన్న వైరుకి కూడా ఫ్యూజ్ పెట్టండి, లేదంటే అది పెట్టకుండా పెద్ద మైనస్ వైరే లావుది, పొట్టిది వేసి, కంట్రోల్ గ్రౌండ్‌ని ఒకే ఒక్క పాయింట్‌లో కలపండి.

అంకె ఒకచోట నిలబడక ఊగుతుంటే

అవుట్‌పుట్ 50 హెర్ట్జ్ కాబట్టి బ్యాటరీ నుంచి కరెంటు సెకనుకి 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతూ లాగబడుద్ది, బ్యాటరీ వోల్టేజ్ కూడా దానితో పాటు ఊగుద్ది. నానో ఏ క్షణంలో చూస్తే ఆ క్షణం అంకె ఇస్తది. ఒక్క రీడింగ్ తీసుకుని కట్ చేసేలా ప్రోగ్రాం రాసి ఉంటే మార్చండి, 100 మిల్లీసెకన్ల పాటు రీడింగులు తీసి సగటు వేయండి, అందులో సరిగ్గా పది ఊగులు పడతాయి కాబట్టి అవి ఒకదానికొకటి కొట్టేసుకుంటాయి. ఆ సగటు కూడా రెండు మూడు సెకన్లు వరసగా తక్కువుంటేనే కట్ చేయాలి, ఫ్రిజ్ స్టార్ట్ అయ్యే క్షణంలో పడే వోల్టేజ్‌కి కట్ కొట్టకూడదు. 33కె, 10కె డివైడర్‌కి కాలు దగ్గర 10 మైక్రోఫారడ్ వేసినా చాలావరకు అంకె నెమ్మదిస్తది. సెన్సింగ్ వైరుని ట్రాన్స్‌ఫార్మర్ లీడ్ల పక్కన కట్టగా కట్టి ఉంటే విడదీసి, రెండు వైర్లూ మెలి తిప్పి దూరంగా తీసుకెళ్లండి.

230 వైపు సెన్సింగ్

ముందు ఈజీఎస్002 ఎల్ఈడీ ఏం చెప్తోందో లెక్కపెట్టండి. ఆగకుండా వెలుగుతుంటే అంతా బాగున్నట్టు. రెండు బ్లింకులు కొట్టి ఆగితే ఓవర్ కరెంట్, మూడు ఓవర్ వోల్టేజ్, నాలుగు అండర్ వోల్టేజ్, ఐదు వేడి. చాలామంది ఇక్కడే పొరబడతారు: నాలుగు కొడితే అవుట్‌పుట్ తక్కువ వస్తోందనుకుని ప్రీసెట్ పెంచేస్తారు. కానీ బోర్డు చెప్తున్నది తనకి కనపడుతున్న వోల్టేజ్ తక్కువని, అసలు అవుట్‌పుట్ తక్కువని కాదు. ఫీడ్‌బ్యాక్ వైరు తెగిపోతే బోర్డుకి సున్నా కనపడుద్ది, అది పాపం తన శాయశక్తులా అవుట్‌పుట్ పెంచుతూ పోతది, పెంచి పెంచి ఇక లాభం లేదని నాలుగు బ్లింకులు కొట్టి ఆపేస్తది. ఆ మధ్యలో మీ టీవీకి పోయింది 260, 270. కాబట్టి నాలుగు బ్లింకులకి ముందు బల్బు మామూలు కంటే తెల్లగా వెలిగిందా, ఎర్రగా వెలిగిందా చూడండి. తెల్లగా వెలిగి ఆగితే ఫీడ్‌బ్యాక్ తెగింది. మూడు కొడుతూ బల్బు ఎర్రగానే ఉంటే ఫీడ్‌బ్యాక్ ఉన్నదానికంటే ఎక్కువ వస్తోంది, ప్రీసెట్ గ్రౌండ్ వైపు కాలు వదిలేసి ఉంటది. ఈ కారణం చేతనే ఏసీ వైపు రిపేరు అయ్యేదాకా బల్బు తప్ప ఇంకేదీ అవుట్‌పుట్‌కి పెట్టొద్దు అంటాను.

ఇప్పుడు ఇన్వర్టర్ నడపకుండానే సెన్సర్‌ని విడిగా టెస్ట్ చేయొచ్చు. ఫీడ్‌బ్యాక్ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ రెండు వైర్లూ ఇన్వర్టర్ అవుట్‌పుట్ నుంచి పూర్తిగా తీసేయండి, బ్యాటరీ కూడా తీసేయండి. ఆ ప్రైమరీకి మాత్రమే ఇంటి 230ని 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి ఇవ్వండి, డిమ్మర్‌స్టాట్ (ఏసీ వోల్టేజ్ తిప్పి మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్) దొరికితే ఇంకా మంచిది, 180 నుంచి 250 దాకా తిప్పి చూడొచ్చు. వైర్లు తీయకుండా ఇస్తే మెయిన్ కరెంటు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి మాస్‌ఫెట్లలోకి పోతది, అది గుర్తుపెట్టుకోండి. సెకండరీ ఏసీ, బ్రిడ్జి డయోడ్ల తర్వాత, ప్రీసెట్ మధ్య కాలు, చివరగా బోర్డు వీఎఫ్‌బీ (ఫీడ్‌బ్యాక్ వచ్చే) కాలు, ఈ వరసలో కొలవండి. బోర్డుకి కావాల్సింది దాదాపు 3 వోల్టుల పీక్. ఫిల్టర్ కెపాసిటర్ లేకుండా ఉంటే డీసీ రేంజ్‌లో మీటర్ 1.9 దగ్గర చూపిస్తది, కెపాసిటర్ ఉంటే 3కి దగ్గర. 1.9 చూసి తక్కువైందని కంగారు పడొద్దు.

ప్రీసెట్‌ని సన్న స్క్రూడ్రైవర్‌తో చాలా మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ మీటర్ చూడండి, అంకె నున్నగా కదలాలి, మధ్యలో ఒక్కసారి సున్నాకి పడి లేచినా ఆ ప్రీసెట్ తీసి పారేయాల్సిందే. ఒక్క చుట్టు తిరిగే ఓపెన్ ప్రీసెట్లు దుమ్ముకి ఇలా అయిపోతాయి, నీలం రంగు మల్టీటర్న్‌వి వేయండి, దానికి అటొక రెసిస్టర్ ఇటొక రెసిస్టర్ ఫిక్స్‌డ్‌గా పెట్టి ప్రీసెట్ చేతిలో చిన్న భాగమే ఉంచండి. అప్పుడు అది చెడినా అవుట్‌పుట్ ఆకాశానికి పోదు.

ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా రెసిస్టర్ డివైడర్ ఉన్నవాళ్లు పైన ఒకే ఒక్క పావు వాట్ రెసిస్టర్ ఉందేమో చూడండి. మామూలు పావు వాట్ రెసిస్టర్ తట్టుకునేది 250 వోల్టులు, 230 ఏసీ పీక్ 325. వాట్లు సరిపోయినా వోల్టేజ్ సరిపోదు, అందుకే అది కాలినట్టు కనపడకుండానే విలువ పెరుగుతూ పెరుగుతూ ఒకరోజు ఓపెన్ అయిపోతది, పెరుగుతున్నన్నాళ్లూ అవుట్‌పుట్ కూడా నెలనెలా కొంచెం కొంచెం పెరుగుతుంటది. ఒకటి బదులు మూడు రెసిస్టర్లు సిరీస్‌లో వేసి పంచండి.

ఇంకొందరు అవుట్‌పుట్ చూడటానికి జెడ్‌ఎంపీటీ101బీ మాడ్యూల్ వాడతారు. దాని అవుట్‌పుట్ 5 వోల్టుల సప్లై మీద 2.5 మధ్యలో ఊగాలి, ఇన్‌పుట్ లేనప్పుడు డీసీలో 2.5 దగ్గర లేకపోతే మాడ్యూలో సప్లైయో తేడా. అందులోని ఎల్ఎం358 సప్లై కంటే ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతది, అంటే 3.5 దాటి పైకి పోలేదు. ప్రీసెట్ ఎక్కువ తిప్పేస్తే వేవ్ పై భాగం కోసుకుపోయి, 200 దాటాక అంకె పెరగడం మానేస్తది. ఊగు మొత్తం రెండు వోల్టుల లోపే ఉండేలా ప్రీసెట్ తగ్గించి, మిగతా లెక్క ప్రోగ్రాంలో గుణించుకోండి. దాన్ని 3.3 వోల్టుల మీద నడిపితే పైకి పోయే చోటే ఉండదు, 5 ఇచ్చి అవుట్‌పుట్‌ని దించుకోవడమే మేలు.

ఏసీ ఫీడ్‌బ్యాక్‌లో మాత్రం పెద్ద కెపాసిటర్ వేయొద్దు. బ్యాటరీ వైపు నిదానం మంచిదే కానీ ఇక్కడ నిదానమైతే బోర్డు ఆలస్యంగా సర్దుకుంటూ ఎక్కువ తక్కువ చేస్తుంటది, బల్బు శ్వాస తీస్తున్నట్టు ఊగుద్ది.

ఎస్‌జీ3525 ఉన్నవాళ్లకి: 16వ కాలు 5.1 రావాలి, రాకపోతే ముందు సప్లై, తర్వాత చిప్. 1, 2 కాళ్లు ఫీడ్‌బ్యాక్‌వి, సరిగ్గా రెగ్యులేట్ చేస్తున్నప్పుడు రెండింటి మీదా దాదాపు ఒకే వోల్టేజ్ ఉంటది, తేడా ఎక్కువుంటే ఫీడ్‌బ్యాక్ దారి తెగింది. 10వ కాలు షట్‌డౌన్, మామూలుగా సున్నా దగ్గర ఉండాలి, అక్కడ వోల్టేజ్ ఉందంటే లో బ్యాటరీ సర్క్యూటే ఆపుతోంది, చిప్‌ని నిందించొద్దు.

తిరిగి బిగించేటప్పుడు

అన్నీ కలిపాక ఫీడ్‌బ్యాక్ ప్రీసెట్‌ని అవుట్‌పుట్ తక్కువ వచ్చే వైపుకి తిప్పి ఉంచి, బ్యాటరీ ప్లస్‌లో 10 ఆంపియర్ల ఫ్యూజ్ వేసి, బల్బు ఒక్కటే లోడుగా ఆన్ చేయండి. మెల్లగా 230కి తెచ్చుకోండి. తర్వాత పెద్ద ఫ్యూజ్ మార్చి ఒక్కో ఫ్యాను, లైటు పెంచుతూ పోస్టు మీద వోల్టేజ్, నానో అంకె రెండూ చూడండి, తేడా 0.1 లోపుంటే సరిపోయింది. లో కట్ నిజంగా 10.5కే పడుతుందో చూడటానికి బ్యాటరీని అంతదాకా దించనక్కర్లేదు, నానో సెన్సింగ్ వైరుని ఆ అడ్జస్టబుల్ సప్లైకి పెట్టి, సప్లై మైనస్‌ని నానో గ్రౌండ్‌కి కలిపి, 11 నుంచి కిందకి దించండి, కట్ ఎక్కడ పడిందో, మళ్లీ 12.5కి ఆన్ అయిందో తెలిసిపోతది. సరైన చోట పడితే ప్రీసెట్ స్క్రూ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేయండి, అదురుకి కదలదు. 10.5, 12.6, 14.4 దగ్గర వచ్చిన కాలు వోల్టేజీలు, ఆ రోజు 5 వోల్టుల లైను ఎంతుందో ఒక కాగితం మీద రాసి మూత లోపల అంటించండి, ఈసారి తేడా వస్తే మొదటి కొలతకే ఎటు జరిగిందో తెలుస్తది.